కొబ్బరినూనె తాగిన వాచీ

ఒక చేతి గడియారాన్ని చెడగొట్టబోయి మంథని ఊరి సాయంత్రాన్నే చెడగొట్టిన ఘనుణ్ణి నేను. ఇది చదివి మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు ఊరంతా నవ్వింది, మీరొక్కరే మిగిలారు.

హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తలో నాకు మంథని బడిలో లెక్కల పంతులుగా ఉద్యోగం వచ్చింది. మాది హుస్నాబాద్. ఇంటినిండా జనం మధ్య పెరిగినవాణ్ణి, ఇక్కడ ఒక అద్దె గదిలో ఒంటరిగా పడ్డాను. బడి విడిచాక పలకరించే మనిషి లేడు. వండుకుంటూ పొయ్యితో, తోముకుంటూ గిన్నెతో మాట్లాడేవాణ్ణి. గిన్నే నయం. కింద పడేస్తే ఏదో ఒకటి అనేది.

అలాంటి రోజుల్లో నా వాచీ ఆగిపోయింది. బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే ఖాదర్ దగ్గరికి పోయాను. ఆయన కంటికి భూతద్దం బిగించి వాచీ విప్పుతూ మా ఊరి గురించి, మా బాపు గురించి, మా అవ్వ వండే పచ్చిపులుసు గురించి అడిగాడు. దుమ్ము తుడిచి, చిన్న చుక్క నూనె వేసి ఇచ్చాడు. వాచీ నడిచింది. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. బాగైన వాచీ పట్టుకొని మళ్లీ ఈయన దగ్గరికి ఎట్లా రావడం?

కొన్నాళ్లకు ముల్లు వెనక్కి తిప్పుకొని పోయాను.

"చాచా, స్లో అయితుంది."

ఆయన విప్పాడు, చూశాడు, మూశాడు. ఆ కాసేపూ కబుర్లు. తర్వాత మళ్లీ పోయాను, మళ్లీ మళ్లీ పోయాను. చివరికి ఆయనే విసుక్కున్నాడు.

"మంచిగనే కొట్టుకుంటుంది సారూ. ఊకూకె మూత తీస్తే లోపట దుమ్ము వడ్తది. ఫికర్ జెయ్యకు. నిజంగ ఖరాబైతేనే తే."

నిజంగా ఖరాబు కావాలి! అంతే కదా!

మర్నాడు పొద్దున తలకు రాసుకుంటుంటే కొబ్బరినూనె సీసా నాకు దేవుడు పంపినట్టు కనిపించింది. కూరగాయల కత్తితో వాచీ మూత లేపి, ధారాళంగా పోశాను. జిడ్డుకు చక్రాలు మందగిస్తాయి, సాయంత్రానికి స్లో అవుతుంది, నేను ఖాదర్ దగ్గర కూర్చుంటాను. లెక్కల పంతులు వేసిన లెక్క మరి!

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. బడిలో గోడ గడియారం ఎప్పుడో చచ్చిపోయింది. చప్రాసి మల్లయ్య నా వాచీని అడిగే గంట కొట్టేవాడు.

ఆ రోజు తరగతులు ఉరికాయి. నేను గుణకారం మొదలుపెడితే గంట, భాగహారం ఎత్తుకుంటే గంట. అనుమానం రాలేదా అంటారేమో. పొద్దు గడవక ఏడ్చేవాడికి పొద్దు దానంతటదే గడుస్తుంటే అనుమానం ఎందుకొస్తుంది? హాయిగా ఉంది నాకు.

మల్లయ్య మాత్రం గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. "ఎండ ఇంక సుర్రుమంటనే ఉంది సారూ. బడి ఇడిచే యాళ్ల అయ్యిందంటవా?"

"నాకు లెక్కలు చెప్తవా మల్లయ్యా? గంట కొట్టు."

పెద్దసారు బడిలో ఉంటే ఆపేవారేమో. ఆయన పూలదండ పట్టుకొని ఎందుకో బస్టాండుకు పోయారు. మల్లయ్య గంట కొట్టాడు. పిల్లలు తూనీగల్లా ఎగిరిపోయారు. నేను నేరుగా ఖాదర్ ముందు వాలాను.

"చాచా, ఈసారి నిజంగనే స్లో అయ్యింది."

ఆయన మూత తీశాడు, వాసన చూశాడు. "యా అల్లా! వాచికి తలంటు వోసినవా సారూ? స్లో యాడిది? గుర్రం లెక్క ఉరుకుతుంది! గీ సన్న స్ప్రింగు చుట్టలు నూనెకు అతుక్కున్నయి. గట్లయితే వాచి ఆగమాగం ఉరుకుతది."

అప్పుడే పెద్దపల్లి బస్సు వచ్చి ఆగింది. దిగింది ఎవరనుకున్నారు? బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు. కోస్తావైపు మనిషి. చుట్టూ మూగిన మా పిల్లల్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏమండీ, ఈ పిల్లలంతా ఎవరు? ఇవాళ బడి లేదా?"

పెద్దసారు చేతిలోని దండ గాలిలోనే ఆగిపోయింది. ఒక పిల్లవాడు నన్ను చూపించి ఉత్సాహంగా అరిచాడు. "గా సారు వాచి జూసే ఇడిచిపెట్టిండ్రు!"

ఇద్దరూ దుకాణం ముందుకు వచ్చారు. ఖాదర్ దాచకుండా చెప్పేశాడు.

"వాచీలో కొబ్బరినూనె ఎందుకు పోశారండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అబద్ధమొకటి వెతికాను. దొరకలేదు. "ఒక్కన్నే ఉంటున్న సార్. వాచి ఖరాబైతెనే ఈ చాచా తోని నాలుగు మాటలు..."

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత గట్టిగా అన్నాడు. "వెళ్లండి! పిల్లలందర్నీ బడికి పట్టుకురండి. ఒక్కడు తగ్గినా మీ ఉద్యోగం ఉండదు."

ఇల్లిల్లూ తిరిగాను. గోదావరిలో ఈదుతున్నవాణ్ణి బతిమాలాను, చింతచెట్టెక్కినవాడికి దండం పెట్టాను. ఒక ముసలమ్మ "తినెటోన్ని లేపుతవా?" అని తిట్టి, నా మొహం చూసి, నాక్కూడా ఒక జొన్నరొట్టె పెట్టింది. వచ్చిన నాటి నుంచి నేను అంతమందితో మాట్లాడింది లేదు. సగం తిట్లు, సగం నవ్వులే అనుకోండి. ఉద్యోగం మాత్రం నిలిచింది.

మర్నాడు సాయంత్రం ఖాదర్ దుకాణానికి పోయాను. నా వాచీ ముక్కలై, జిడ్డు వదిలేందుకు సాసర్లో పెట్రోలులో మునిగి ఉంది. "అరె సారూ, మాట్లాడనీకి వాచి ఎందుకు? ఊకెనే రారాదు?" అని ఆయన స్టూలు జరిపాడు. కూర్చున్నాను.

తీరా చూస్తే విప్పడానికి ఆయన చేతిలో ఏమీ లేదు, చెప్పుకోవడానికి నాకు ఫిర్యాదు లేదు. ఇద్దరం కొత్త పెళ్లికొడుకుల్లా నేల చూపులు చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి ఆయనే సర్దుకొని గొంతు సవరించుకున్నాడు.

"సారూ, జర టైమెంతైంది?"

చుట్టూ గోడ నిండా గడియారాలు. దేని దారి దానిదే.

అవన్నీ సాక్షిగా ఆ రోజే గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట మనిషి కావాలనిపిస్తే తిన్నగా మనిషి దగ్గరికే పోతాను. మధ్యలో నోరులేని ఏ యంత్రాన్నీ హింసించను.