బొంతలత్తయ్య వేసవి

వేసవి వచ్చిందంటే, వీధివాళ్లంతా బొంతలత్తయ్య అని పిలుచుకునే ఆవిడ ఎండ ముదరకముందే వంట ముగించేస్తుంది. టమాటాలు మెత్తగా ఉడికించి, చల్లటి పెరుగులో దోసకాయ తురిమి, పైన పుదీనా చల్లి మూత పెడుతుంది. ఇక ఆ పూటంతా ఆవిడదే. కిటికీ కింద చాప పరిచి, పాతబట్టల మూట విప్పి, ముక్కల మధ్య కూర్చుంటుంది. ఒక్కో ముక్కనూ చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంటుంది. వంటింట్లోంచి పుదీనా వాసన, ఫ్యాను గాలికి మెల్లగా కదిలే గుడ్డలు, ఆవిడ కూనిరాగం. చూసేవాళ్లకి కూడా కునుకు వస్తుంది.

మొన్న కోడలు పుచ్చకాయ ముక్కలు తెచ్చి అక్కడే నిలబడిపోయింది. బొంతలో ఆకుపచ్చ వరసలో నీలం ముక్కలు కుట్టేసి ఉన్నాయి. అత్తగారు సూదిలో దారం ఎక్కించబోతే, కొన ప్రతిసారీ పక్కకే పోతోంది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా అత్తయ్యా?"

"మావాడితో అనకమ్మా. కళ్లు ఆనడం లేదని తెలిస్తే సూది లాక్కుంటాడు, పొయ్యి దగ్గరికీ రానివ్వడు. ఇంక నేనేం చెయ్యను?" ఆవిడ సూదిని గుప్పిట్లో దాచుకుంది.

కోడలు పక్కనే చతికిలబడింది. సూదులన్నిటికీ దారం ఎక్కించి దిండుకు గుచ్చింది. "రేపు మనిద్దరమే డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఈలోగా రంగులు నేను చెప్తా, మీరు కుట్టండి. ఈ నీలం విప్పేయనా?"

అత్తగారు ఆ ముక్కలను వేళ్లతో నిమిరింది. కాసేపటికి మొహం విప్పారింది.

"వద్దులే. పచ్చటి చేలో నీళ్లు పారినట్టుంటుంది, ఉండనీ."