గోడ మీద నేనే

ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్లకు నా పేరు కన్నా ముందు నా దేశం తెలియాలి. నాయనది ఆళ్లగడ్డ, అమ్మది టాంజానియా (బోర్లు వేయడానికి అక్కడికి పోయిన నాయనకు నీళ్ల కన్నా ముందు అమ్మ పడిందని మా ఇంట్లో హాస్యం). నేను పెరిగింది హైదరాబాదులో. నంద్యాల కాలేజీలో ఉద్యోగానికి చేరిన కొత్తలో హాస్టల్ వంటామె నేను ఉత్తరాది పిల్లనని చపాతీలు చేసిపెట్టేది. కాదని చెబితే అవి ఆగిపోతాయని నేనూ నోరు మెదపలేదు.

ఒక ఆదివారం నాయనకు చెప్పకుండా ఆళ్లగడ్డ బస్సెక్కాను. అమ్మతో పెళ్లినాటి నుంచి నాయనతో మాటలు మానేసిన ఆయన పుట్టినింటికి. గడప తొక్కనిస్తారో లేదో తెలియదు. పక్కన ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూస్తూనే మొదలుపెట్టారు. "ఏ దేశందో మే ఈ పిల్ల?" "యాడిదో! మన మాట రాదులే దానికి." "అక్కా, మీ సంచి నా కాలి మీదుంది" అన్నాను. బొమ్మ మాట్లాడినట్టు అదిరిపడి, ఇద్దరూ వెనక సీటుకు పోయారు.

వాళ్లను చూసి వచ్చిన నవ్వు ఆళ్లగడ్డలో దిగేదాకే. మిట్టమధ్యాహ్నం వీధిలో మనిషన్నవాడు లేడు. నాయన వాళ్లింటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల మసక వెలుతురులో జేజి, నాయన వాళ్లమ్మ, ఒక్కతే చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే "వచ్చినావా? కూచో" అంది. చెప్పులు విడిచి, గడప దాటి నిలబడ్డాను.

అన్నం తింటూ లోపలి నుంచి వచ్చిన చిన్నాయన నన్ను చూసి, నోట్లో ముద్దతో అలాగే నిలబడిపోయాడు. ఆయన చూపు నా వెనక గోడ మీదికి పోయింది. తిరిగి చూశాను. దండ వేసిన ఫోటోలో నేనే! కాకపోతే రంగు తెలుపు, జడ నున్నన. మిగతాదంతా, ఆ ఎడమవైపు వంకర పెదవితో సహా, నాదే.

"అమ్మా... అక్క సచ్చిపోయింది గదా?" అన్నాడు చిన్నాయన, సగం ఏడుపు గొంతుతో.

జేజి అప్పుడు తలెత్తింది. "నాకు తెలీదేందిరా? ఇది పెద్దోని కూతురు. రంగూ జుట్టూ వాళ్లమ్మవి. మొగం మనదే." తర్వాత నా వైపు తిరిగి, "ఇన్నేండ్లు యాడ దాచిపెట్నాడే నిన్ను మీ నాయన?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

భోజనమయ్యాక ధైర్యం చేసి అడిగాను. "జేజీ, నన్ను చూడకుండానే 'వచ్చినావా' అన్నావే, ఎవరితో?"

"నీతో కాదులే. మీ అత్త దినామూ ఈ యాళకు వస్తాది" అంది, చాట పక్కన పెడుతూ.

ఇప్పుడు నాకు ఆ ఫోటోలో మనిషి కన్నా రెట్టింపు వయసు. ఏ దేశమని ఇంకా అడుగుతూనే ఉన్నారు, నాకే కోపం రావడం మానేసింది. తల దువ్వుకుంటూ ఎప్పుడైనా అద్దంలోకి చూసి, ముసలితనంలో అత్త ఇలాగే ఉండేదేమో అనుకుంటాను. అద్దంలో ఆ వంకర పెదవి నాకంటే ఒక్క క్షణం ముందు నవ్వుతుంది.