కౌగిలి బండి త్వాయి

మా సా డెక్ పట్టణంలో అద్దె మోటారుసైకిలును 'సె ఓమ్' అంటాము. కౌగిలి బండి అని అర్థం. ఆ మాటలో క్రియ ఉన్నది గాని కర్త లేడు. ఎవరు ఎవరిని పట్టుకోవాలో అది చెప్పదు. వెనక కూర్చున్నవారే ముందున్నవాణ్ణి పట్టుకోవాలని అందరమూ అనుకుంటాము. త్వాయి కూడా అలాగే అనుకున్నాడు.

మా దేశపు దక్షిణాది వారికి మనుషులను పుట్టిన వరుసతో పిలవడం అలవాటు. అందుచేత పిల్లలకు అతడు అయిదో బాబాయి. నేను ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన ప్రాథమిక పాఠశాలకు ఎదురుగానే మా ఇల్లు. ఆ పాఠశాల గేటు పక్కన, బాదం చెట్టు నీడలో, త్వాయి తన బండిని నిలిపేవాడు. మనిషి వెదురుబద్దలా ఉండేవాడు. ఉదయం పిల్లలను తెచ్చి, పదిన్నరకు బడి వదలగానే మళ్లీ ఇళ్లకు చేర్చేవాడు. పద్నాలుగేళ్లలో అతని బండిమీద ఒక్క బిడ్డకు మోకాలైనా గీరుకుపోలేదు.

అందుకు అతనికొక పద్ధతి ఉండేది. ఎండకూ బండి ఊపుకూ చిన్నపిల్లలు తూగుతారు. వీపు చాటున ఒదిగిన పిల్ల అద్దంలో కనిపించదు. కనుక దారి పొడవునా ప్రశ్నలు వేసేవాడు.

"ఎడమవైపు ఏముందే?"

"బాతులు!"

"ఎన్ని?"

"నువ్వు ఆపితే కదా లెక్కపెట్టేది!"

జవాబు వస్తున్నంతసేపూ బిడ్డ మెలకువగా ఉన్నట్టే.

అతని బండి ఎక్కేవారిలో క్వేన్ అనే పిల్ల ఉండేది. తల్లిదండ్రులు దూరాన ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే, ఏడో అవ్వ అని మేము పిలిచే అమ్మమ్మే దాన్ని పెంచింది. అవ్వ మార్కెట్ వీధిలో హూ త్యూ అమ్మేది. బియ్యపు సేమ్యా మీద వేడి పులుసు పోసి ఇస్తుంది. బడి వదిలే వేళకే ఆమె పొయ్యి చుట్టూ జనం మూగుతారు. అందువల్ల మూడో ఏట శిశుతరగతికి వెళ్లిన నాటినుంచీ క్వేన్ త్వాయి బండిమీదే తిరిగింది. హ్యాండిలుకూ సీటుకూ నడుమ బిగించిన చిన్న పేము కుర్చీలో, అతని రెండు చేతుల మధ్య కూర్చునేది. ఆ మూడేళ్లూ ఆ క్రియకు కర్త త్వాయే. ఒకటో తరగతికి వచ్చేసరికి మోకాళ్లు హ్యాండిలుకు తగలసాగాయి. కుర్చీ తీసివేసి పిల్లను వెనక్కు మార్చాడు.

ఆ ఏడు అక్టోబరులో త్వాయి ఎర్ర రంగుతో బోర్డు రాసి చెట్టుకు తగిలించాడు. 'ఓమ్' నెత్తిన ఒక చిన్న గీత అదనంగా పడింది. మా రాతలో గీత మారితే మాటే మారిపోతుంది; ఆ గీతతో కౌగిలి బండి కాస్తా బక్క బండి అయింది.

"ఏరా అయిదూ, బండి పేరు రాశావా, నీ పేరు రాసుకున్నావా?" అని తోటి బండివాళ్లు ఒకటే నవ్వు. తప్పును కళ్లెదుట ఉంచుకోవడం నాకు చేతకాదు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డ పట్టుకుని వెళ్లి ఆ గీతను తుడుస్తూ ఉండగా బడి వదిలారు.

రెండు రోజుల జ్వరం తగ్గి క్వేన్ ఆ రోజే బడికి వచ్చింది.

"బాబాయ్, ఇవాళ నేను ముందు కూర్చుంటా."

"ముందెక్కితే నీ మోకాళ్లే బండి నడుపుతాయి. వెనకెక్కు, తల్లీ."

"అయితే నీతో మాట్లాడను, పో!"

"హమ్మయ్య, నా చెవులకు సెలవు."

అతడు హెల్మెట్ పట్టీ బిగిస్తున్నప్పుడు పిల్ల ఆవులించింది. కళ్లు వాలిపోతున్నాయి. చూశాను.

"పంతులమ్మగారూ, కౌగిలి దక్కిందా?" అన్నాడు త్వాయి.

"దక్కింది. ఇకనైనా గీతలు చూసుకుని రాయి."

ఆ పూట నేను చెప్పవలసిన వాక్యం అది కాదు. పిల్ల తూగుతున్నదని చెప్పవలసింది.

కాలువ దగ్గర అతడు అడిగాడట: "ఎడమవైపు ఏముందే?" జవాబు రాలేదు. అలక అనుకున్నాడు. అలక తీరేదాకా మళ్లీ అడగకూడదనుకుని తనలో తాను నవ్వుకున్నాడు. వంతెన ఎత్తు ఎక్కుతుండగా నడుము చుట్టూ ఉన్న చేతులు వదులయ్యాయి. అతడు బ్రేకు వేసి తిరిగి చూసేసరికి పిల్ల రోడ్డుమీద ఉంది. హెల్మెట్ తలను కాపాడింది. ఎడమ మణికట్టు విరిగింది. గడ్డం కింద ఆరు కుట్లు పడ్డాయి.

పాత ఉయ్యాల గుడ్డ విప్పి, రెండు బకిల్సు కుట్టి, త్వాయి ఒక నడుముపట్టీ తయారుచేశాడు. అది పట్టుకుని అవ్వ దగ్గరకు వెళ్లాడు. నేను అక్కడే తింటున్నాను.

"అవ్వా, ఇది నాకూ పిల్లకూ కలిపి కట్టుకుంటే, నిద్రపోయినా జారదు. నన్ను మళ్లీ తీసుకెళ్లనివ్వు."

"కుట్టడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"ఒక్క పూట."

"ఒక్క పూటే! ఇన్నేళ్లలో అది దొరకలేదా?" అన్నది అవ్వ. గిన్నెలో పులుసు పోసి అతని ముందుకు జరిపింది. "తిను, చల్లారిపోతుంది. పిల్ల మాత్రం నాతో నడిచి వస్తుంది."

ఆనాటినుంచి ఆమె జనం కూర్చుని ఉండగానే పొయ్యి ఆర్పి, రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి మనుమరాలిని తెచ్చుకునేది. త్వాయి బండి ఎక్కే ప్రతి బిడ్డకూ పట్టీ కట్టేవాడు. "మేకపిల్లను కట్టినట్టు కట్టేస్తావేంరా!" అని ఎవరైనా ఎగతాళి చేస్తే బకిల్‌ను ఇంకోసారి లాగి చూసేవాడు. దారిలో ఆ ఇద్దరూ ఎదురైతే బండి నెమ్మది చేసేవాడు. అవ్వ తల తిప్పేది కాదు.

నాలుగేళ్లు దాటాయి. ఈ మే నెలలో క్వేన్ అయిదో తరగతి ముగించి, సర్టిఫికెట్ కోసం కొత్త సైకిలుమీద వచ్చింది. తిరిగి వెళుతూ బాదం చెట్టు దగ్గర ఆగింది. నేను మా వాకిట్లో ఉన్నాను.

"ఎండగా ఉంది. సైకిలు ఇక్కడ పెట్టు, దింపుతాను. పట్టీ ఉంది," అన్నాడు త్వాయి.

"వద్దు బాబాయ్. అవ్వకు సైకిలుమీదే వస్తానని చెప్పాను." పిల్ల కాసేపు బెల్లుతో ఆడింది. "ఆ రోజు ఎడమవైపు ఇటుకల పడవ ఉంది. నువ్వడిగినప్పుడు చూశాను. కోపంతో చెప్పలేదు. ఆ తరవాత నిద్ర ముంచుకొచ్చింది."

త్వాయి పట్టీ బకిల్‌ను రెండుసార్లు పెట్టి తీశాడు.

"నీకు ఆరేళ్లమ్మా అప్పుడు. రెండోసారి అడగాల్సింది నేను."

ఆమె తల ఊపి సైకిలు ఎక్కింది. అతడు రోడ్డు నడుమకు వచ్చి నిలబడ్డాడు. వెనకనుంచి ఏదో బండి హారన్ కొడుతున్నా కదలక, ఆ సైకిలు వంతెన ఎత్తు ఎక్కి అవతలికి దిగేదాకా చూశాడు.