మక్కల్లో నడక

పెర్కిట్‌లో ఉన్న మా మేనత్త కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆర్మూర్ మార్కెట్‌కు పసుపు తీసుకెళ్లేటప్పుడు అందరూ బండెక్కితే ఆమె పక్కన నడిచేది. తిరిగొచ్చాక కళ్లంలో ఆరబోసిన మొక్కజొన్న గింజల్లో కాళ్లీడుస్తూ, వాటిని తిరగేస్తూ అటూ ఇటూ తిరిగేది. చూసేవాళ్లకే కాళ్లు పీకేవి.

“అత్తా, జర కూసో,” అంటే కసిరేది.

“మా అమ్మ కూసున్నంకనే మమ్ముల మర్చిపోయింది. నేను కూసోను.”

ఆ భయంతోనే ఏళ్లకేళ్లు నడిచింది.

ఆమెకు తొంభై ఏళ్లు దాటాక ఒక పొద్దున, గింజలన్నీ బస్తాలకెత్తేసిన కళ్లంలో, వట్టి నేల మీద కాళ్లీడుస్తూ కనిపించింది.

“అత్తా, మక్కలు నిన్ననే ఎత్తినం గదా!”

ఆగకుండానే నన్ను ఎగాదిగా చూసింది.

“ఎవరు బిడ్డా నువ్వు? జరుగు, మక్కలు తొక్కకు.”

లేని గింజలను తొక్కకుండా చూసుకుంటూ పక్కకు జరిగాను.