నేను తినని చార్టు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న మాటే. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి చెబుతున్నాను.

చెన్నైలో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని. షుగర్ ఉన్నవాళ్లందరికీ ఒకటే చార్టు ఇస్తాం. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కొలిచిన అన్నం, రాత్రికి చపాతీలు. అది పైనుంచి వచ్చిన మార్గదర్శకాల ప్రకారం వేసిన చార్టు. తర్వాత నాకూ షుగర్ వచ్చింది. ఆ చార్టే బుద్ధిగా పాటించాను, దిగలేదు. భయమేసి జావ, చపాతీలు మానేసి గుడ్లు, చేపలు, కూరలు పెంచుకున్నాను. దిగింది. మీటింగులో ఈ సంగతి ఎత్తితే పెద్ద డాక్టరు, "వాట్సాప్ వైద్యం మొదలెట్టావా అమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మళ్లీ నోరెత్తలేదు.

తొండియార్‌పేట నుంచి మునెమ్మ అనే షుగర్ పేషెంటు నా దగ్గరికి వచ్చేది. జాకెట్లు కుట్టి బతికే మనిషి.

"మీరు చెప్పినట్టే తింటా ఉండాను మేడం, షుగర్ దిగలా. ఒకటి అడగతా, కోపం చేసుకోబాకండి. మీకూ షుగరేనని నర్సమ్మ చెప్పింది. మీరూ ఇదే తింటారా?"

"ఇదే తింటాను," అన్నాను.

"సరే, మీరే తింటా ఉంటే ఇంకేం," అని తేటపడ్డ మొహంతో వెళ్లిపోయింది.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? కాదు, మళ్లీ నవ్వుతారని. నలుగురి నవ్వుకి జడిసి, నన్ను నమ్మి అడిగిన మనిషికి, నా ఒంటి మీద నేను కళ్లారా చూసుకున్నదాన్ని దాచాను. ఇప్పటికీ గుడ్డు ఒలుస్తుంటే ఆమె ప్రశ్నే వినిపిస్తుంది.

తర్వాత షుగర్ వల్ల ఆమె చూపు పోయింది. చార్టు వల్లే పోయిందని రుజువు చేయలేను. మందులు ముందే మార్చి ఉంటే నిలిచేదేమో, ఏం తిన్నా పోయేదేమో. ఈ ఏమోల వెనక దాక్కోవడం నాకు బాగా అలవాటైంది. కానీ ఆమె అడిగింది నా కంచంలో ఏముందని. అది నాకు తెలుసు కదా?

కిందటి నెల ఆసుపత్రి వరండాలో కూతురి చెయ్యి పట్టుకుని నడుస్తోంది. నా గొంతు విని ఆగింది.

"ఈ మేడమే నేను చెప్పింది," అంది కూతురితో. "ఈమ మాట ఒక్క పూట కూడా తప్పలా నేను."

ఆ గొంతులో గర్వం ఉంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "బాగున్నావా మునెమ్మా" అని మాత్రం అన్నాను.

ఆమెకి చెప్పాల్సింది మీకు చెప్పాను. రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకు సిగ్గుగా ఉంది.