తెనాలి జిలేబీకి నేను తీర్పు చెప్పిన రోజు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా అమ్మ అంటుంది. నిజమే, ఇది మరీ పాత సంగతేమీ కాదు. కరోనా మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందికీ, అక్కడి నుంచి జేబుల్లోకీ దిగుతున్న కాలం. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఆ పందొమ్మిదేళ్ళ పిల్లని తలుచుకుంటే మాత్రం ఎవరో తాతల కాలపు మనిషిని తలుచుకున్నట్టే ఉంటుంది. ఆవిడకు తెలియని విషయం లేదు. ముఖ్యంగా తిండి విషయంలో ఆవిడ మాటకు మా రేపల్లె మొత్తంలో, పోనీ మా వీధిలో, అదీ కాదు, కచ్చితంగా మా వంటింట్లో తిరుగుండేది కాదు.

నా నాలుకకి అంత పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. తొమ్మిదేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో లడ్డూ కొరికి, పచ్చకర్పూరం ఎక్కువైందని గంభీరంగా అన్నాను. పక్కనే కూర్చున్న మా బామ్మ వెంటనే వంటాయన్ని పిలిపించి అడిగింది. ఆయన తల గోక్కుంటూ, నిజమేనమ్మా, చెయ్యి జారింది అని ఒప్పుకున్నాడు. అంతే, మర్నాటి నుంచి మా ఇంట్లో పులుసు దించాలన్నా, పచ్చడి జాడీకి ఎత్తాలన్నా గరిటె నా నోటి ముందుకు రావాల్సిందే. (అంతకు పది నిమిషాల ముందు నేను వంటల పందిరి వెనక మంచినీళ్ళు తాగుతుంటే, కర్పూరం ఎక్కువ పడిందని ఆ వంటాయనే తన తమ్ముడితో చెప్పడం నా చెవిన పడింది. నేను రుచి చూసింది నాలుకతో కాదు, చెవులతో అని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.)

ఇక అసలు కథ. మా అక్కని బాపట్లలో ఇచ్చాం. పురుడు పోసుకున్నాక అయిదో నెలలో దాన్నీ, పసివాణ్ణీ సారెతో అత్తవారింట దింపిరావాలి. అంతకుముందు పెళ్ళి సారెకి మా అమ్మ వారం రోజులు పొయ్యి దగ్గర నిలబడి అరిసెలూ, సున్నుండలూ, కజ్జికాయలూ చేసి పంపింది. అక్కా వాళ్ళ అత్తగారు, టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఒక అరిసె ముక్క నోట్లో వేసుకుని, “బాగానే ఉన్నాయి వదినగారూ, పిల్లలు తింటారు” అన్నారట. తిట్టినా అమ్మ అంత బాధపడేది కాదు. పిల్లలు తింటారంటే పెద్దలు తినరనే కదా అని ఏడాదిన్నర పాటు ఆ ఒక్క మాటని నెమరేసి, ఈసారి ఇంట్లో చేసేది లేదు, తెనాలి వెళ్ళి కొట్టు కొట్టూ తిరిగి, రుచి చూసి, ఆవిడ నోరు మూయించే మిఠాయిలే తేవాలని తీర్మానించింది. రుచి చూడడానికి ఎవరు? ఇంకెవరు.

అలా ఒక ఉదయం ప్యాసింజరు బండిలో నలుగురం బయలుదేరాం. అమ్మ, బామ్మ, సంచులు మోయడానికి మా బాబాయి, నేను. బామ్మకు షుగరు. ఒక్క ముక్క నోట్లో వేసుకోనని అమ్మకు మాటిచ్చి మరీ వచ్చింది. “వాసన చూస్తే షుగరు రాదులేవే” అని రైల్లోనే ఒక గట్టి మినహాయింపు సంపాదించుకుంది. నాకు మాత్రం నాలుక శుభ్రంగా ఉండాలని పొద్దున కాఫీ కూడా ఇవ్వలేదు. బండిలో ఇడ్లీలవాడు వచ్చాడు, వేరుశనక్కాయలవాడు వచ్చాడు, జామకాయలావిడ రెండుసార్లు వచ్చింది. వాళ్ళు వచ్చినప్పుడల్లా అమ్మ నా వైపు చూసేది. పరీక్ష హాల్లో కాపలా ఉండే మేష్టారు కూడా అలా చూడడు.

తెనాలిలో మొదటి కొట్లో అడుగుపెట్టగానే అమ్మ మా సంగతంతా చెప్పింది. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, కాజా విరిచి ముక్క పెట్టాడు. ఖాళీ కడుపులో పడిన ఆ కాజా ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. కానీ బాగుందని వెంటనే చెబితే ఇక నా గొప్పేముంది? కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలి, “పాకం బాగా పట్టింది గానీ లోపలి పొర ఇంకా ఆలోచిస్తోందండి” అన్నాను. దానికి అర్థమేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. కొట్టాయన మాత్రం తెల్లబోయి, లోపలికి వెళ్ళి ఇంకో పళ్ళెం తెచ్చాడు.

ఆ తర్వాత నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. రెండో కొట్లో మైసూరుపాకు తిని నెయ్యి ముందొచ్చి రుచి వెనక నడుస్తోందన్నాను. మూడో కొట్లో సున్నుండ తిని మినుములు వేయించిన చేయి తొందరపడిందన్నాను. ఆ వేయించినాయన నిజంగానే బయటికొచ్చి, పొద్దున కరెంటు పోయిందండి, అందుకే కాస్త హడావుడి అయిందని నాకు సంజాయిషీ చెప్పుకున్నాడు. నా వెనక బామ్మ ఒక్కో పళ్ళెం ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు అరమోడ్చి, గుండెల నిండా పీల్చి, పక్కనున్న వాళ్ళకి అందించేది. కొట్లోకి వచ్చిన వాళ్ళు కొనడం మానేసి మా చుట్టూ చేరారు. ఒకాయన అయితే, అమ్మాయిగారూ, ఈ బూందీ మా ఇంటికి తీసుకెళ్ళొచ్చంటారా అని నన్నే అడిగాడు. తీసుకెళ్ళండి, ఇవాళే తినేయండి అని సెలవిచ్చాను. అప్పటికి నాకు భూమ్మీద కాళ్ళు ఆనడం లేదు. ఎక్కింది పాకమో, పొగడ్తో తెలియదు.

ఇక మిగిలింది జిలేబీ. తెనాలి వెళ్ళి బెల్లం జిలేబీ లేకుండా సారె పెడితే ఇంకేమన్నా ఉందా! ఆ నల్లటి జిలేబీ కోసమే బామ్మ ఊపిరి దాచుకుంది. అయితే దారిలో మిరపకాయ బజ్జీల బండి కనపడింది. తీపి తిని తిని నాలుక మొద్దుబారిపోయిందనీ, ఒక్క బజ్జీ తింటే చురుకు పుడుతుందనీ బాబాయి నా చెవిలో ఊదాడు. అమ్మా బామ్మా గాజుల కొట్టు ముందు ఆగిన రెండు నిమిషాల్లో, బాండీలోంచి అప్పుడే తీసిన బజ్జీని ఎక్కడ చూస్తారోనన్న భయంతో ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాను. పైన సలసల కాగే నూనె, లోపల విత్తులు కూడా తీయని మిరపకాయ. మింగలేను, కక్కలేను. అమ్మ ఇటు తిరగడంతో మింగేశాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతుంటే, ఏమైందే అని అమ్మ అడిగింది. అక్క వెళ్ళిపోతుంది కదమ్మా అన్నాను. అమ్మ కూడా కళ్ళొత్తుకుంది.

జిలేబీ కొట్టు చేరేసరికి నా నోట్లో నాలుక ఉందో, తోలు ముక్క ఉందో తెలియలేదు. మేం నిలబడ్డది ఒక కొట్టు, ఎదురుగా ఇంకోటి. రెండూ రుచి చూసి తేల్చాలని అమ్మ పట్టుబట్టింది. ఈ కొట్లో ఒక జిలేబీ పళ్ళెంలో పెట్టించి, ఎదుటి కొట్టు నుంచి ఒకటి తెమ్మని బాబాయిని పంపింది. ఆయన కాసేపటికి జనంలోంచి చెమటలు కక్కుతూ ఆకులో ఇంకో జిలేబీ తెచ్చాడు. మొదటిది కొరికాను. ఏమీ తెలియలేదు. రెండోది కొరికాను. తడిసిన అట్టముక్కలా ఉంది. చుట్టూ పదిహేను మంది. అమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆవిడ ఏడాదిన్నర పరువు నా చచ్చిన నాలుక మీద కూర్చుని ఉంది. అప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రెండోది బొత్తిగా తేలిపోయిందనీ, పిండి పులవలేదనీ, బెల్లంలో ఉప్పుదనం ఉందనీ, మొదటిదానికీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉందనీ చెప్పాను. జనం తలలూపారు. కొట్టాయన గర్వంగా మీసం సవరించుకున్నాడు. ఎందుకో బాబాయికి దగ్గు వచ్చి, ఎంతకీ తగ్గలేదు.

ఆ దగ్గు సంగతి స్టేషనులో బయటపడింది. అమ్మ సీసాలో నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు బాబాయి నా పక్కకు జరిగి, ఎదుటి కొట్టు దగ్గర జనం విరగబడి ఉంటే, చుట్టూ తిరిగొచ్చి, వెనక వైపు నుంచి మనం నిలబడ్డ కొట్లోనే రెండో జిలేబీ కూడా తెచ్చానని చెప్పాడు. రెండూ ఒక్క బాండీలోవే. నేను బజ్జీ సంగతి ఒప్పుకున్నాను. ఇద్దరం నవ్వు ఆపుకోలేక ఒకరి భుజం మీద ఒకరు పడుతుంటే, బెంచీ మీద కునుకు తీస్తున్న బామ్మ కళ్ళు తెరవకుండానే, “మీ అమ్మకి తెలిసిందంటే ఇద్దర్నీ ఆ బాండీలోనే వేయిస్తుంది. మీరు నోర్మూసుకోండి, నేను చెవులు మూసుకుంటా” అంది.

మూడో రోజు కారు మాట్లాడుకుని బాపట్ల బయలుదేరాం. అప్పటికి నాలుక బాగుపడింది గానీ ధైర్యం చచ్చింది. అత్తయ్యగారు మనవణ్ణి ఎత్తుకుని, ముద్దులయ్యాక పళ్ళేలు చూశారు. ఇవన్నీ మా చిన్నది స్వయంగా రుచి చూసి ఎంచిందండి, దాని నాలుక అటువంటిది అని అమ్మ చెప్పింది. ఆవిడ నన్ను తేరిపార చూసి, అందరూ హాల్లో కబుర్లలో ఉండగా, పెరటి వరండాలోకి రమ్మని పిలిచారు. చేతిలో జిలేబీల పళ్ళెం. ఇక అయిపోయింది, నా మీద పరీక్ష పెడతారు అనుకున్నాను.

ఆవిడ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, “అమ్మాయీ, ఎవరికీ చెప్పకు. నాకు రుచి తెలియదే. మీ అక్క పెళ్ళికి ముందు నాకు కరోనా వచ్చింది కదా, జొరం తగ్గింది గానీ నాలిక తిరిగి రాలేదు. కాకరకాయ పెట్టినా కాజా పెట్టినా ఒకటే” అన్నారు.

ఎవరికీ చెప్పలేదా అండి అని అడిగాను. రుచి తెలియని అత్తగారి మాట వంటింట్లో ఎవరు వింటారని నవ్వారు. ఎవరేం పెట్టినా తోచిన ముక్క ఏదో అనేసి బయటపడుతుంటానన్నారు. ఆ నవ్వులో ఉన్న దిగులు చూశాక నాకు ఇంకేమీ దాచుకోవాలనిపించలేదు. కర్పూరం దగ్గర మొదలుపెట్టి బజ్జీ వరకూ మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. తర్వాత పళ్ళెం నా ముందుకు జరిపి, “ఇప్పుడు నిజంగా తిని చెప్పు. నేను చిన్నప్పుడు తిన్న జిలేబీలానే ఉందా?” అని అడిగారు.

కొరికాను. కళ్ళు మూసుకోలేదు. పళ్ళ కింద చిన్న చప్పుడైంది, పాకం చేతి మీదికి కారింది. బెల్లం కాస్త మాడిన వాసన ఉందండి, చివర్లో కొంచెం పులుపు తగులుతుంది, తిన్నాక ఇంకోటి తినాలనుంది అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు. ఆవిడ తానొక జిలేబీ తీసుకుని, నేను చెప్పినవన్నీ ఒక్కొక్కటే వెతుక్కుంటున్నట్టు చాలా నెమ్మదిగా నమిలారు. “అదే, పులుపు ఉండాలి. మా నాన్న తెచ్చినప్పుడూ అలాగే ఉండేది” అన్నారు. పళ్ళెం ఖాళీ చేసి గానీ మేమిద్దరం లోపలికి రాలేదు. వియ్యపురాలు జిలేబీలన్నీ తినేసిందని అమ్మ ఊరంతా చెప్పుకుంది. సగం నేనే తిన్నానని నేను చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి అత్తయ్యగారికి నాలుక కొద్దికొద్దిగా తిరిగొచ్చింది, ముందు పులుపు, ఆ తర్వాత ఉప్పు. తీపి అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజు పొద్దున్నే ఫోన్ చేసి ఆ కబురు మొదట నాకే చెప్పారు. ఇప్పుడు నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో ఎవరైనా మిఠాయి పెట్టి ఎలా ఉందని అడిగితే, బాగుందండి అని తినేస్తాను. అంత చిన్న మాట నిజంగా అనడం రావడానికి, ఆ పందొమ్మిదేళ్ళ మహానుభావురాలు తెనాలిలో సగం కొట్లు తినాల్సి వచ్చింది పాపం.