అల్లుడుగారి అద్దాల గది

ఉదయం ఎనిమిదీ ఇరవైకి మా అత్తగారు గుమ్మడి వడియాల పిండి గిన్నె పట్టుకుని పెరటి అరుగు మీదికి వచ్చారు. ఎండ కాసే రోజుల్లో ఆవిడ ఏదో ఒకటి ఆరబెట్టడానికి వచ్చే వేళే అది. ఆ రోజు వచ్చిన తేడా ఒక్కటే. అరుగు మీద నేను కొలత టేపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ టేపు వల్ల మా ఇంట్లో ఎంత విధ్వంసం జరిగిందో ఇప్పుడు చెబుతాను. కంగారుపడకండి, ప్రాణనష్టం లేదు. కొన్ని మంచి పుస్తకాలు మాత్రం పోయాయి.

మాది కొత్తపేట దగ్గర పల్లె. నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే అయినా, దక్షిణం వైపు పెరటి అరుగు మీద మాత్రం పొద్దుగూకేదాకా నీడ పడదు. మామగారు పోయాక మా అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడ ఏ గదీ తనదనలేదు, ఒక అల్మరా కూడా అడగలేదు. అరుగు ఒక్కటే, ఎవరూ ఇవ్వకుండానే, ఆవిడదైపోయింది. వడియాలు, చల్ల మిరపకాయలు, మామిడి ఒరుగులు, కొబ్బరి చిప్పలు, అన్నీ అక్కడే ఎండేవి. వాటి పక్కన చిన్న పీట వేసుకుని, చేతికర్రతో కాకుల్ని అదిలిస్తూ ఆవిడా అక్కడే ఉండేవారు.

ఆవిడ నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. అల్లుడికి ఎదురుపడి మాట్లాడే అలవాటు వాళ్ళ ఇంట లేదు. తలుపు వెనక నిలబడి మా ఆవిడ శారదతో చెప్పేవారు. శారద లేకపోతే గోడతో చెప్పేవారు. నేను రెండడుగుల దూరంలోనే ఉండి, గోడ విన్నదంతా వినేవాణ్ణి. అల్లుడి మాట కాదనడం మాత్రం గోడ ముందు కూడా ఆవిడ వల్ల కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకునే కొంప ముంచాను.

ఇదంతా ఒక ఫోటోతో మొదలైంది. మా కాలేజీలో లెక్కలు చెప్పే సత్యం మాస్టారు ఫోనులో చూపించారు. ఏదో చలిదేశంలో ఇంటికి ఆనించి కట్టిన అద్దాల గది. గోడలూ అద్దమే, పైకప్పూ అద్దమే. అందులో ఒకాయన కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతూ పుస్తకం చదువుతున్నాడు. బయట మోకాలిలోతు మంచు ఉంది. ఆ మంచుని నేను చూశాను. చూసి వదిలేశాను.

"అలాంటి గది మనకీ ఒకటుంటే బాగుంటుంది కదా?" అన్నాను ఇంటికొచ్చి.

"ఎండలో కూర్చోడానికి గదెందుకండీ?" అంది శారద. "కుర్చీ తీసుకెళ్ళి వీధిలో వేసుకోండి."

"ఎండలో కాదే, వెలుగులో."

"మన ఊళ్ళో ఆ రెండూ విడివిడిగా దొరకవు."

"నీకు తెలీదు. చదువుకునేవాడికి వెలుగు ఎంత ముఖ్యమో."

"సరే, మరి అమ్మ వడియాలు ఎక్కడ పెట్టుకుంటుంది?"

"మేడ ఉందిగా."

"ఆవిడ మోకాళ్ళతో మేడమెట్లా? ఆవిడకున్నది ఆ అరుగొక్కటేనండీ. ముందు అమ్మని అడగండి. ఆవిడ సరేనంటే నాకేం అడ్డం లేదు."

అడగమంది కదా. అడిగాను. అయితే ఎలా అడిగానంటే, అమలాపురం నుంచి అల్యూమినియం పని చేసే వీర్రాజుని పిలిపించి, టేపు రెండో కొస అతని చేతికిచ్చి, ఆవిడ గిన్నెతో రాగానే పరాయి మనిషి ఎదురుగా అడిగాను.

"అత్తయ్యగారూ, ఇక్కడ అద్దాల గది వేయిద్దామనుకుంటున్నాను. మీకేమైనా అభ్యంతరమా?"

పిండి గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది. ఆవిడ అరుగు వంక ఒకసారి చూశారు.

"ఆయ్, తమరి ఇష్టమండి," అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అదే. కోట గెలిచినవాడిలా టేపు బిగించాను. కాసేపటికి వంటింటి గోడకి ఏదో చెప్పడం వినిపించింది. "పిండి పులిసిపోతాది. పోనీలే, పులిస్తే పులిసింది."

వీర్రాజు కొలతలు తీసుకుంటూ, "ఇందులో ఏం పెంచుతారండీ?" అని అడిగాడు.

"ఏమీ పెంచను. నేనే కూర్చుంటాను."

"తమరాండీ?" అని, నన్ను కూడా పైనుంచి కిందిదాకా ఓసారి కొలిచాడు.

ఫాల్గుణంలో గది పూర్తయింది. నా పుస్తకాల అల్మరా అందులోకి మార్పించి, మొదటిరోజు ఉదయం ఆరింటికే వెళ్ళి కూర్చున్నాను. ఏడింటిదాకా స్వర్గం. ఎనిమిదికి చొక్కా వీపుకి అంటుకుంది. తొమ్మిదికి కళ్ళజోడు ఫ్రేము ముక్కు మీద చురుక్కుమంది. కిటికీ తెరిస్తే ఈగలొచ్చాయి. మూస్తే నేను ఉడికాను. ఆ ఫోటోలో ఆయన కిటికీలు మూసుకునే ఉన్నాడు కాబట్టి నేనూ మూశాను.

బయటికి వచ్చేస్తే ఓడిపోయినట్టే కదా. అందుకని రోజూ కూర్చున్నాను. తలుపు వెనకనుంచి మర్యాదలు మొదలయ్యాయి.

"అమ్మాయ్, అల్లుడుగారికి మజ్జిగ ఇవ్వవే."

కాసేపాగి, "అమ్మాయ్, అల్లుడుగారికి పొడి తువ్వాలు ఇవ్వు."

ఇంకాసేపాగి, "అమ్మాయ్, లోపల అలికిడి లేదు. ఓసారి చూసిరా."

ఆ మాటల్లో ఎక్కడా వెటకారం లేదు. వెతికాను కాబట్టి చెబుతున్నాను.

ఆదివారం సత్యం మాస్టారిని కాఫీకి పిలిచాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చారు. రెండు గుక్కలు తాగాక గ్లాసు కింద పెట్టేశారు.

"మాస్టారూ, కాఫీ చల్లారట్లేదేంటండీ?" అని నన్నడిగారు.

"ఇక్కడ చల్లారదండి. అదో సౌకర్యం."

"ఆయ్. మరి, చొక్కా విప్పొచ్చాండీ?"

"మీ ఇల్లనుకోండి."

"మా ఇల్లయితే బయటికెళ్ళిపోదునండీ."

ఆయన దృష్టి మళ్ళిద్దామని అల్మరాలోంచి నాకు ప్రాణమైన పుస్తకం ఒకటి తీసి, "ఇది చూడండి, ఇప్పుడు దొరకదు," అన్నాను. అట్ట నా చేతికి వచ్చింది. పుస్తకం నా చేతికి రాలేదు. ఆ వేడికి వీపు జిగురు వదిలేసి, కాగితాలన్నీ మాస్టారి ఒళ్ళోనూ కాఫీలోనూ పడ్డాయి. రెండోది తీశాను. అదీ అంతే. మిగతావి అట్టలు పైకి లేచి, మూకుట్లో అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి.

మాస్టారు కాగితాలు ఏరుతూ, "ఎన్నో పేజీ నుంచి వెతకాలండీ?" అన్నారు. అన్నాక నా ముఖం చూసి, చొక్కా భుజాన వేసుకుని మెల్లగా వెళ్ళిపోయారు.

నేను కుర్చీ ఎత్తుకుని వీధి వసారాలోకి నడిచాను. "వేడని కాదు. వెలుగు మరీ ఎక్కువైంది," అన్నాను శారదతో. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

కళ్ళజోడు మరిచిపోయానని అరగంటకి వెనక్కి వెళ్ళాను. నా కుర్చీ ఉన్నచోట తెల్లటి పాత పంచె పరిచి ఉంది. దాని నిండా గుమ్మడి వడియాలు, వరస తప్పకుండా. మూల పీట, పీట మీద మా అత్తగారు. కాకుల్ని తోలే పని లేదు కాబట్టి, కర్ర ఆ మూలకే ఆనించి ఉంది. ఆవిడ లేచి నిలబడ్డారు. శారద లేదు. గోడ వైపు చూద్దామంటే అన్నీ అద్దాలే. నా ముఖమే చూశారు.

"గది బాగా కుదిరిందండీ, అల్లుడుగారూ."

"ఆయ్," అన్నాను నేను. కళ్ళజోడు తీసుకుని వెనక్కి తిరిగాను.

ఆ ఏడు వాయుగుండం వెనక వాయుగుండం పట్టి వారాల తరబడి ముసురు వదల్లేదు. మధ్యమధ్య ఓ పూట తెరిపిచ్చి ఎండ కాస్తే, అది బయట ఎవరికీ చాలలేదు. ఊరందరి వడియాలూ బూజు పట్టాయి. మా అద్దాల గదిలో మాత్రం గలగలలాడాయి. వీధి వీధంతా పళ్ళేలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఒకటే చెప్పేవారు.

"నాకోసమేనండీ, మా అల్లుడుగారు కట్టించేరు. నేను నోరు తెరిచి అడగనైనా అడగలేదు."

అందులో రెండో మాటలో ఒక్క అబద్ధమూ లేదని మీరు గమనించాలి. కాలేజీలో ఎన్నేళ్ళు పాఠం చెప్పినా రాని పేరు, వడియాలతో వచ్చింది. అత్తగారికి అద్దాల గది కట్టించిన అల్లుడంటూ పిల్లనిచ్చే వాళ్ళు నన్ను ఉదాహరణగా చెప్పుకున్నారట. నేను ఖండించలేదు. వీధి వసారాలో కూర్చుని, దారం వేసి కుట్టుకున్న పుస్తకాలు చదువుకున్నాను.

కిందటి వైశాఖంలో ఆవిడ పోయారు.

ఇక మీదట కాదనలేని మనిషిని పరాయివాళ్ళ ఎదుట అడిగి సరే అనిపించుకోనని, మంచు కనిపించే ఏ ఫోటో చూసీ ఇల్లు మార్చనని, ఆ రోజు బిగించిన ఈ టేపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నిలబెట్టుకోవడం ఏమంత కష్టం కాదు. అడగడానికి ఆవిడ లేరు.

కర్ర ఇంకా ఆ మూలే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు వడియాలు పెట్టడం లేదు.